పిలిస్తే పలక్కపోతే

(పాఠశాల స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నెల కిందట సంఘం కార్యదర్శి ఫోన్ చేసి, "నువ్వు కంప్యూటర్ ఇంజనీరువు కదా, కృత్రిమ మేధ గురించి ఒక ఇరవై నిమిషాలు మాట్లాడు" అన్నాడు. దాని గురించి నీకు తెలిసినంతే నాకూ తెలుసబ్బా అన్నాను. ముప్పై ఏళ్లుగా నేను చేసిన పని చాలా చిన్నది. ఎవరైనా ఒక పేరు చెబితే, ఆ పేరు గలవాణ్ణి వెతికి పట్టుకొచ్చే కోడు రాయడం. కావాలంటే దాని గురించి మాట్లాడతానన్నాను. ఒప్పుకున్నాడు. భోజనాల వేళకు ముగించాలని మాత్రం షరతు పెట్టాడు. చేపల పులుసు వాసన అప్పుడే ఇక్కడిదాకా వస్తోంది కాబట్టి ఆ షరతు మీ అందరి తరఫునా పెట్టాడనుకుంటాను.

మా తొమ్మిదో తరగతిలో ముగ్గురు పెంచలయ్యలు ఉండేవాళ్లు. పెంచలకోన నరసింహస్వామి ఉన్న జిల్లాలో ఇది వింతేమీ కాదు. హాజరు పిలిచేటప్పుడు అయ్యవారు "పెంచలయ్యా" అంటే ముగ్గురూ "ప్రెజెంట్ సార్" అనేవాళ్లు. ఒకడు రాకపోతే వాడి బదులు మిగిలిన ఇద్దరిలో ఒకడు గొంతు మార్చి పలికేవాడు. ఇంటిపేరుతో పిలుద్దామంటే ఇద్దరి ఇంటిపేరూ ఒకటే. చివరికి ఆయన విసిగిపోయి నంబర్లు పెట్టారు. ఒకటో పెంచలయ్య, రెండో పెంచలయ్య, మూడో పెంచలయ్య. బడి వదిలిపెట్టేదాకా వాళ్ల పేర్లు అవే.

చాలా ఏళ్ల తర్వాత, 90ల్లో మద్రాసులో ఉద్యోగం చేస్తూ, రాత్రిళ్లు ఆఫీసు కంప్యూటర్లో డికూమడ్ అనే ఆట సోర్సుకోడు చదివాను. మడ్ అంటే బొమ్మల్లేని ఆట, తెర మీద అంతా అక్షరాలే. చాలామంది ఒకేసారి వేరువేరు చోట్ల నుంచి ఆడొచ్చు. మొట్టమొదటి మడ్‌ని 1978లో ఇంగ్లండులోని ఎసెక్స్ విశ్వవిద్యాలయంలో రాయ్ ట్రబ్‌షా అనే విద్యార్థి మొదలుపెట్టాడు, రిచర్డ్ బార్టిల్ కొనసాగించాడు. డికూమడ్ కోపెన్‌హాగెన్ విశ్వవిద్యాలయం కుర్రాళ్లు రాసి 1991లో బయటపెట్టింది. ఆ ఆటలో ఒక గదిలో ముగ్గురు కాపలావాళ్లుంటే, "2.గార్డ్" అని టైపు చేస్తే రెండోవాడని అర్థం. అది చదివి అర్ధరాత్రి ఒక్కణ్ణే నవ్వుకున్నాను. డెన్మార్కులో కూడా రెండో పెంచలయ్య ఉన్నాడు!

ఆ కోడు చదివిన పిచ్చితోనే నేను ఆటల సర్వర్ల వైపు వెళ్లాను. సర్వర్ అంటే ఏందో తెలియనివాళ్ల కోసం ఒక్క మాట. మీ మనవడు ఫోన్లో క్యారమ్ ఆడుతుంటాడు. ఎదుటివాడు హైదరాబాదులోనో దుబాయిలోనో ఉంటాడు. ఇద్దరి మధ్యా ఎక్కడో ఒక గదిలో ఒక కంప్యూటరు ఉండి లెక్క రాస్తుంటుంది. స్ట్రైకర్ కొట్టిన ప్రతిసారీ అది వెతుక్కోవాలి. కొట్టింది ఎవరు? వాడు ఏ బోర్డు దగ్గర ఉన్నాడు? వాడి ఎదుట ఎవరున్నారు? ఈ వెతుకులాటనే మేం లుకప్ అంటాం. ఆట ఏదైనా సర్వర్ ఎక్కువ సార్లు చేసే పని అదే. హాజరు పిలవడమే అనుకోండి, కాకపోతే పొద్దున ఒక్కసారి కాదు, సెకనుకు కొన్ని వేలసార్లు.

2003లో చెన్నైలో ఒక కంపెనీకి నేను అలాంటి సర్వర్ రాశాను. కంపెనీ పేరు అనవసరం. అందులో ఒక ఫంక్షన్ ఉంది, దాని పేరు ఫైండ్ ప్లేయర్. ఆటగాణ్ణి వెతుకు అని. పేరు ఇస్తే ముందు ఇప్పుడు ఆడుతున్నవాళ్లలో చూస్తుంది. లేకపోతే డేటాబేసులో, అంటే పెద్ద రిజిస్టరులో, చూస్తుంది. అక్కడా లేకపోతే ఆ పేరుతో కొత్త ఆటగాణ్ణి, సున్నా పాయింట్లతో, తనే పుట్టించి ఇస్తుంది. ఆ చివరి ముక్క ఎందుకు పెట్టానంటే, కొత్తవాళ్లు రిజిస్ట్రేషన్ లేకుండా వెంటనే ఆడాలని అప్పటి మా పైఆఫీసరు అడిగాడు. రెండు లైన్లలో అయిపోయింది. అందరూ మెచ్చుకున్నారు. పేరు మాత్రం మార్చలేదు.

ఇంకో సంగతి. పెద్ద రిజిస్టరు పని ఒత్తిడిలో ఉండి రెండు సెకన్లలో జవాబు ఇవ్వకపోతే, దాన్ని కూడా "లేడు" కిందే లెక్కేశాను. అలా జరగదులే అనుకున్నాను. నిజంగానే మూడేళ్లు జరగలేదు.

2006లో ఒక అమ్మాయి కొత్తగా చేరింది. నాయుడుపేట దగ్గర పల్లె. మన జిల్లా పిల్ల అని నాకు సంతోషం. స్నేహితుణ్ణి ఆటకు పిలిచే పెట్టె ఒకటి తయారుచేయమని ఆమెకు అప్పగించారు. అందులో స్నేహితుడి పేరు టైపు చేస్తుంటే, ఆ పేరు గలవాడు ఉన్నాడో లేడో పక్కనే కనబడాలి. ఆమె కోడంతా వెతికింది. ఫైండ్ ప్లేయర్ అని ఒక ఫంక్షన్ ఉంది. వెతకడానికి వెతికే ఫంక్షన్ వాడింది. మీరైనా అదే చేస్తారు.

ఆ ఆదివారం సాయంత్రం టోర్నమెంటు. వేలమంది వచ్చారు. ఒకడు రామకృష్ణను పిలవాలని టైపు చేస్తుంటే, ప్రతి అక్షరానికీ ఒక వెతుకులాట జరిగింది. ర, రామ, రామకృ. నా ఫంక్షన్ ఈ పేర్లతో ఎవరూ లేరని చూసి, ర అనే ఆటగాణ్ణి, రామ అనే ఆటగాణ్ణి, రామకృ అనే ఆటగాణ్ణి వరసగా పుట్టించింది. అరగంటలో పెద్ద రిజిస్టరు సగం పేర్లతో నిండిపోయింది. ఒత్తిడి పెరిగి అది జవాబివ్వడం మానేసింది. ఇక అసలు ప్రమాదం అక్కడే. నిజంగా ఉన్నవాళ్ల గురించి అడిగినా జవాబు రాలేదు, కాబట్టి వాళ్లు "లేరు", కాబట్టి వాళ్ల పేరుతోనే సున్నా పాయింట్ల కొత్తవాళ్లు పుట్టారు. తర్వాత సర్వర్ అందరి లెక్కలూ భద్రం చేసేటప్పుడు ఆ సున్నాలను పాత లెక్కల మీద రాసేసింది. ఏళ్లుగా ఆడినవాళ్ల పాయింట్లు వందల సంఖ్యలో పోయాయి. ముందురోజు రాత్రి తీసిన బ్యాకప్ నుంచి తెచ్చి పెట్టాం. టోర్నమెంటు ఫలితాలు మాత్రం రాలేదు.

సోమవారం మీటింగులో మొదటి ప్రశ్న, ఆదివారం కొత్తగా పెట్టింది ఏది? ఆమె పెట్టె ఒక్కటే. సరిగా పరీక్షించకుండా పెట్టావన్నారు. "నేను వెతికాను, అంతే సార్" అంది. అదే మాట రెండుసార్లు అంది. ఆ గదిలో నేనూ ఉన్నాను. కొత్త పిల్ల కదా, ఎక్కడో తప్పు చేసి ఉంటుందని నేనూ అనుకున్నాను.

ఆ రాత్రి కోడు తెరిచాను. పైన వ్యాఖ్యలో నా పొట్టిపేరు, 2003. పావుగంటలో అంతా అర్థమైంది.

మర్నాడు పొద్దున చెప్పాల్సింది. చెప్పలేదు. ఆ నెలలోనే జీతాల పెంపు లెక్కలు చూస్తున్నారు. ఆ రెండు లైన్లూ నెమ్మదిగా సరిచేసి ఊరుకున్నాను. శుక్రవారం ఆమె రాజీనామా ఇచ్చింది. తర్వాతి సోమవారం వెళ్లి పైఆఫీసరుకు జరిగింది చెప్పాను. "ఇప్పుడెందుకులే" అన్నాడు.

ఈ సంగతి ఇన్నాళ్లూ సభల్లో ఎక్కడా చెప్పలేదు. మన బడి కాబట్టి చెబుతున్నాను.

ఆ తర్వాత ఆ ఫంక్షన్‌ను ఎదురుగా పెట్టుకుని ఎన్నో రాత్రులు కూచున్నాను. నా తప్పు ఎక్కడుందో చూస్తే అది లైన్లలో కాదు, జవాబులో ఉంది. వెతికితే రావలసిన జవాబులు మూడు. ఉన్నాడు. లేడు. తెలియదు. నేను రెండో జవాబునూ మూడో జవాబునూ కలిపేశాను. పైగా "లేడు" అన్న జవాబును బయటికి చెప్పకుండా కొత్తవాణ్ణి తయారుచేసి కప్పిపెట్టాను. ఆ "తెలియదు" అన్న మాట దగ్గర నాకు మన అయ్యవారు గుర్తొచ్చారు.

1984 నవంబరు తుఫాను మీలో పెద్దవాళ్లకు గుర్తే. అప్పటికి మండలాలు కూడా లేవు, తాలూకాలే. శ్రీహరికోట దగ్గర తీరం దాటింది. చిన్నవాళ్లకు 1989 నవంబరులో కావలి దగ్గర దాటిన తుఫాను గుర్తుంటుంది, అది ఇంకా పెద్దది. కానీ మా తరగతికి తుఫానంటే 84దే. సరుగుడు తోపులు నేలకు పడుకున్నాయి. బకింగ్‌హాం కాలవ ఎక్కడుందో, ఉప్పునీళ్లు ఎక్కడున్నాయో తెలియలేదు. సముద్రం ఒడ్డు పాళేల నుంచి వచ్చే పిల్లలు మా క్లాసులో చాలామంది.

బడి మళ్లీ తెరిచిన రోజు రెండు గదులకు పెంకుల్లేవు. అయ్యవారు రిజిస్టరు తీశారు. మామూలుగా పలక్కపోతే ఎర్ర సిరాతో ఏ అని వేసి తర్వాతి పేరు పిలుస్తారు. ఆ రోజు మొదటి పేరుకే ఎవరూ పలకలేదు. ఆయన ఎర్ర పెన్ను మూతపెట్టి జేబులో పెట్టుకున్నారు. పెన్సిలు తీసుకున్నారు. "వాడు ఎక్కడున్నాడో ఎవరికన్నా తెలుసా?" అని అడిగారు. ఒకరు, వాళ్లు గూడూరులో మేనమామ ఇంటికి పోయారు సార్ అన్నారు. అది రాసుకున్నారు. ఇంకొకడి గురించి, ఇల్లు పడిపోయింది, సత్రంలో ఉన్నారు అన్నారు. అదీ రాసుకున్నారు. మూడో పెంచలయ్య దగ్గరికి వచ్చేసరికి ఎవరికీ తెలియదు. ఆయన కొంచెంసేపు ఆగి, "తెలియదు" అని రాశారు.

మూడు వారాలు ప్రతిరోజూ ఆ పేరు పిలిచారు. పలక్కపోతే ఎవరికన్నా తెలిసిందా అని అడిగి, మళ్లీ తెలియదు అనే రాశారు. వరసగా అన్నాళ్లు రాకపోతే పేరు కొట్టేయాలని ఆఫీసు నుంచి మాట వచ్చింది. "రాలేదని తెలిస్తే కొట్టేస్తాను, నాకు తెలియదు గదా" అన్నారట. సంక్రాంతి సెలవుల తర్వాత ఒకరోజు మూడో పెంచలయ్య నడుచుకుంటూ వచ్చి తన బెంచీలో కూచున్నాడు. వాళ్ల కుటుంబం పులికాట్ అవతల బంధువుల దగ్గర ఉండిపోయిందట. వాడి పేరు రిజిస్టరులో ఎక్కడిదక్కడే ఉంది. వాడు ఇవాళ ముందు వరసలో ఎడమ పక్క కూచుని ఉన్నాడు. లేచి నిలబడరా ఒకసారి. ఇదిగో, "ప్రెజెంట్ సార్" అంటున్నాడు.

సరే, మళ్లీ చెన్నై. ఫంక్షన్‌ను తిరగరాస్తానని అడిగాను. "దీనివల్ల ఆడేవాడికి కొత్తగా ఏం కనబడుద్ది?" అన్నాడు పైఆఫీసరు. ఏమీ కనబడదన్నాను. మరెందుకన్నాడు. ఈ పనికి మా వృత్తిలో రీఫాక్టరింగ్ అని పేరుంది. మార్టిన్ ఫౌలర్ 1999లో ఆ పేరుతోనే పుస్తకం రాశాడు. బయటికి కనబడే నడత మారకుండా, లోపలి నిర్మాణాన్ని చదివేవాడికి అర్థమయ్యేట్టు మార్చడం. ఇల్లు అదే, గోడలు అవే, కానీ ఉప్పు డబ్బాలో ఉప్పు, పంచదార డబ్బాలో పంచదార. ఫంక్షన్ పేరు చూసి ఇంకొకరు మోసపోతే ఈసారి టోర్నమెంటు కాదు, సర్వరే పోద్దన్నాను. ఐదు వారాలు ఇచ్చాడు.

ఆ ఫంక్షన్‌ను పిలిచే చోట్లు 130కి పైగా తేలాయి. రాయడం రెండు రోజుల పని. మిగతా కాలమంతా ఒక్కో చోటికి వెళ్లి, "అయ్యా, నీకు నిజంగా ఏం కావాలి?" అని అడగడమే. ఎక్కువ చోట్లకు కావలసింది, ఇప్పుడు ఆడుతున్నవాళ్లలో వాడున్నాడా అన్నది మాత్రమే. పెద్ద రిజిస్టరుతో వాటికి పనే లేదు. కొన్ని చోట్ల "దొరక్కపోతే ఇలా చెయ్" అని జాగ్రత్తగా రాసి ఉంది, కానీ ఆ ఫంక్షన్‌లో దొరక్కపోవడమనేదే లేదు కాబట్టి ఆ లైన్లు మూడేళ్లలో ఒక్కసారీ నడవలేదు. అల్లరి చేసేవాళ్లను నిషేధించే చోట అయితే, తప్పు పేరు టైపు చేస్తే ఆ పేరుతో ఒకణ్ణి పుట్టించి, పుట్టిన మరుక్షణం నిషేధించేది. పాపం, ఏ తప్పూ చేయకుండా శిక్షపడ్డవాళ్లు అలా చాలామంది ఉన్నారు.

ఒక్క ఫంక్షన్‌ను నాలుగు చేశాను. ఫైండ్ అంటే ఆడుతున్నవాళ్లలో వెతకడం, దొరకొచ్చు, దొరక్కపోవచ్చు, దేన్నీ మార్చదు. గెట్ అంటే వాడు అక్కడ ఉండి తీరాలి, లేకపోతే మన కోడులోనే తప్పుంది, గట్టిగా అరిచి ఆగిపోవాలి. లోడ్ అంటే పెద్ద రిజిస్టరును అడగడం, దానికి ఉన్నాడు, లేడు, తెలియదు అని మూడు వేరువేరు జవాబులు. క్రియేట్ అంటే పుట్టించడం. పుట్టించే పని ఆ పేరున్నచోట తప్ప ఇంకెక్కడా జరగదు. ఇందులో గొప్ప తెలివేమీ లేదు. ఇప్పుడు పైన చదివితే కింద ఏం జరుగుద్దో తెలుస్తుంది, అంతే.

ఒక జాగ్రత్త మాత్రం కుర్రాళ్ల కోసం చెబుతాను. నడత మారని మార్పును, నడత మార్చే మార్పును ఒకే రోజు కలిపి చేయకూడదు. కెంట్ బెక్ దీన్ని రెండు టోపీలతో పోల్చాడని ఫౌలర్ పుస్తకంలోనే ఉంది, ఒకసారి ఒక టోపీయే పెట్టుకోవాలి. నేను ముందు పాత ఫంక్షన్ ఏమేం చేస్తుందో, తప్పులతో సహా, పరీక్షలుగా రాసిపెట్టుకున్నాను. తర్వాత పేర్లు విడదీశాను. అన్నీ పాతట్టే నడుస్తున్నాయని తేలాకే, నిషేధం దగ్గరా స్నేహితుడి పెట్టె దగ్గరా నడత మార్చాను. ఇది నిదానం పని. కానీ ఏదన్నా చెడితే ఏ మార్పు చెడగొట్టిందో తెలుస్తుంది.

ఈ జబ్బు నా ఒక్కడిదే అనుకునేవాణ్ణి. కాదు. మేం వాడే సీ ప్లస్ ప్లస్ భాషలోనే మ్యాప్ అనే పట్టిక ఉంది. చదరపు బ్రాకెట్లలో పేరు పెట్టి అడిగితే, ఆ పేరు లేకపోతే అదే ఒక ఖాళీ గడి పుట్టించి ఇస్తుంది. చూసినంత మాత్రాన పుట్టడం! ఫైండ్ అని అడిగితేనే పుట్టించకుండా లేదని చెబుతుంది. పైథాన్‌లో నిఘంటువును బ్రాకెట్లతో అడిగితే లేనప్పుడు తప్పని అరుస్తుంది, గెట్ అని అడిగితే మౌనంగా ఖాళీ చేతులు చూపిస్తుంది. నేను గెట్ అంటే అరవాలన్నాను, అక్కడ గెట్ అంటేనే మౌనం. అందుకని ఒక భాష అలవాటును ఇంకో భాషలోకి మోసుకుపోకూడదు. టోనీ హోర్ అనే పెద్దాయన 1965లో ఆల్గాల్ డబ్ల్యూ భాష తయారుచేస్తూ నల్ అనే "ఏమీ లేదు" గుర్తును ప్రవేశపెట్టాడు. 2009లో ఒక సభలో నిలబడి, అది తన బిలియన్ డాలర్ల పొరపాటు అని ఒప్పుకున్నాడు. నలభైనాలుగేళ్ల తర్వాతైనా సభలో చెప్పాడు. నాకు ఆయన మీద గౌరవం అందుకే.

ఆ అమ్మాయిని చాలా ఏళ్ల తర్వాత వెతికి పట్టుకుని ఫోన్ చేశాను. ఇప్పుడు వేరే దేశంలో, నాకన్నా పెద్ద ఉద్యోగంలో ఉంది. జరిగింది చెప్పి క్షమించమన్నాను. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "అప్పుడే అనుమానం వచ్చింది సార్, కానీ మీరు రాసిందని తెలిసి అడగలేకపోయాను" అంది. "ఇప్పటికీ ఎవరి ఫంక్షన్ పేరూ నమ్మను, లోపలికెళ్లి మొత్తం చదివాకే వాడతాను. పని రెట్టింపవుద్ది" అంది. నవ్వుతూనే అంది. నేను నవ్వలేకపోయాను.

ఇక మన సంగతి. ఈ సంచిక కోసం మా బ్యాచి జాబితా సరిచేయమని కార్యదర్శి నాకు పంపాడు. 58 పేర్లు. అందులో 17 పేర్ల ఎదుట ఫోన్ నంబరు గడిలో "లేదు" అని ఉంది. ఆ మాట చూడగానే నాకు పాత భయం పట్టుకుంది. ఒక్కొక్కరి గురించీ అడుగుతూ పోయాను. నలుగురు కాలం చేశారు. ఆరుగురు నంబర్లు మార్చుకున్నారు, దొరికారు. ఇద్దరు ఆడపిల్లలకు పెళ్లయి ఇంటిపేరూ ఊరూ మారాయి. వాళ్లు ఇంకో పేజీలో కొత్త ఇంటిపేరుతో ఉండనే ఉన్నారు, రెండుచోట్లా ఉన్నది ఒకే మనిషని ఎవరికీ తెలియలేదు. మా సర్వర్‌లో ఈ బాధ పడలేకే పేరుతో వెతకడం తగ్గించి, ఎప్పటికీ మారని నంబరుతో వెతికేవాళ్లం. మనకూ అలాంటిది ఒకటుంది. బడిలో చేరినప్పుడు ఇచ్చిన అడ్మిషన్ నంబరు. పెళ్లయినా ఊరు మారినా అది మారదు. జాబితాలో దాన్ని మొదటి గడిగా పెట్టమని సంఘాన్ని కోరుతున్నాను. పాత అడ్మిషన్ రిజిస్టర్లు బీరువాలో ఉన్నాయి, చెదలు పట్టకముందే ఫోటోలు తీయాలి.

మిగిలింది ఐదుగురు. వాళ్ల గడిలో "లేదు" కొట్టేసి "తెలియదు" అని రాశాను. పక్కన ఇంకో గడి గీసి, చివరిసారి ఎవరు ఎక్కడ చూశారో రాస్తున్నాను. ఆ ఐదుగురిలో ఒకటో పెంచలయ్య ఒకడు. గూడూరులో లారీ నడిపేవాడని ఒకరన్నారు, గల్ఫుకు పోయాడని ఇంకొకరన్నారు. మిగతా బ్యాచీల జాబితాలు కూడా అచ్చువేసి లైబ్రరీ గది ముందు బల్ల మీద పరిచాం. భోజనానికి కూచునే ముందు మీ బ్యాచి కాగితం ఒకసారి చూడండి. తెలిసింది తెలిసినట్టు రాయండి, తెలియనిది ఖాళీగా వదలకుండా తెలియదని రాయండి. పెన్సిళ్లు అక్కడే పెట్టాను.